యాంటెన్నా వైపు నుంచి మొదలుపెట్టు

కడత్తూరు,
ధర్మపురి జిల్లా,
15-6-2025

చిరంజీవి మనవరాలికి, 

పాపా, నువ్వు పంపిన ఫోటోలు మీ నాన్న ఫోన్‌లో పెద్దవి చేసి చూపించాడు. 500 వాట్ల డిజిటల్ టీవీ యాంప్లిఫయర్, పక్కన ఇంకా డబ్బా విప్పని ఫిల్టరు, చెక్క చక్రానికి చుట్టిన ఫీడర్ కేబుల్. వచ్చే నెల కొండ మీద వాటిని బిగించే ముగ్గురిలో నువ్వొకదానివి. ఉద్యోగంలో చేరి ఏడాది కాకుండానే ఈ పని చేతికి రావడం చాలా సంతోషం. ఏమేం జాగ్రత్తగా చూసుకోవాలని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మరచిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చదివి నీ టూల్ బ్యాగులో పెట్టుకో.

సైటుకు సామాను రాగానే అందరి కళ్ళూ ర్యాక్ మీదే ఉంటాయి. దాన్ని నిలబెట్టి, వైర్లు కలిపి, ఎప్పుడు లైట్లు వెలుగుతాయా అని తొందరపడతారు. నువ్వు మాత్రం టవర్ కొస నుంచి కిందికి రా. ముందు యాంటెన్నా, తర్వాత ఫీడర్, తర్వాత ఫిల్టరు, అన్నిటికన్నా చివర యాంప్లిఫయర్. పవర్ పోవాల్సిన దారి సిద్ధమై, ఆ దారి బాగుందని కొలిచి చూసుకున్నాకే పవర్ పుట్టించాలి. నా సర్వీసులో చూసిన చెడ్డ రోజుల్లో చాలా మటుకు ఈ వరస తప్పినప్పుడు వచ్చినవే.

మన తోటలో బోరు మోటారు వేసి గేట్‌వాల్వు బిగిస్తే పైపు ఎలా అదురుతుందో నీకు తెలుసు. దారి సరిగ్గా లేని యాంప్లిఫయర్ పరిస్థితీ అదే. యాంటెన్నా తీసుకోని పవర్ వెనక్కి మళ్ళి నేరుగా ట్రాన్సిస్టర్ల మీదికి వస్తుంది. అలా వెనక్కి మళ్ళడాన్ని చెప్పే కొలత వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5 ఉంటే నూటికి 4 వంతులు వెనక్కి వస్తాయి. నీ 500 వాట్లలో అది 20 వాట్లు, సర్దుకోవచ్చు. 3 అయితే నూటికి 25, అంటే 125 వాట్లు. కేబుల్ ఊడిపోతే మొత్తం వెనక్కే. అప్పుడు లైన్‌లో కొన్ని చోట్ల వోల్టేజీ రెట్టింపవుతుంది. రక్షణ సర్క్యూట్ చప్పున ఆపకపోతే ట్రాన్సిస్టర్ పోవడానికి రెప్పపాటు కూడా పట్టదు. అందుకని యాంప్లిఫయర్ కలపకముందే ఎనలైజర్‌తో యాంటెన్నా లైన్ కొలువు. రిటర్న్ లాస్ కనీసం 20 డెసిబెల్స్ ఉండాలి. అంటే నూటికి ఒక్క వంతు మాత్రమే తిరిగి వస్తుందన్నమాట. అది నీ ఛానల్ మధ్యలో ఒక్క చోట ఉంటే చాలదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండాలి. ఆ గ్రాఫు ప్రింటు తీసి, తేదీ వేసి, ర్యాక్ తలుపు లోపలివైపు అతికించు. రెండేళ్ళ తర్వాత వచ్చేవాడికి అదే ఆధారం.

500 వాట్లంటే ఇంట్లో ఇస్త్రీ పెట్టెకు పట్టేటంత కూడా లేదని మీ టీములో ఎవరైనా తేలిగ్గా అనొచ్చు. ఆ మాట పట్టించుకోవద్దు, అంతకన్నా తక్కువ పవర్‌తోనే పెద్ద పనులు జరిగాయి. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం నడిచింది. మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు పల్లెల్లోని బడుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో తెలుగువాళ్ళు మొదటిసారి టీవీ చూసింది అందులోనే. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి పంపింది 80 వాట్లు. దాన్ని పట్టుకోవడానికి కింద ఉన్నది కోళ్ళ గూటికి వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్షు. 1984లో ఇన్సాట్-1బి అండతో దూరదర్శన్ కొన్ని నెలల పాటు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున దేశమంతా నిలబెట్టింది. వాటిలో ఎక్కువ భాగం 100 వాట్లవే. మా తరం పని నేర్చుకున్నది ఆ చిన్న గదుల్లోనే. అంత కొద్ది పవర్‌తో ఒక పట్టణమూ చుట్టుపక్కల పల్లెలూ బొమ్మ చూశాయి.

పైగా నీది డిజిటల్. సగటు 500 వాట్లని రాసి ఉన్నా, సిగ్నల్ శిఖరాలు దానికి ఐదారు రెట్లు, ఒక్కోసారి పది రెట్ల దాకా లేస్తాయి. పది రెట్లంటే 50 ఓమ్‌ల లైన్‌లో ఆ క్షణానికి 700 వోల్టుల పైమాటే. మీటరు సగటే చూపిస్తుంది, శిఖరాన్ని చూపించదు. కనెక్టరు మాత్రం ఆ శిఖరాన్ని తట్టుకుని నిలబడాలి.

కనెక్టర్ల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, కోపగించుకోకు. ఫోటోలో ఉన్నది 7/8 అంగుళం ఫ్లాంజి. బయటికి మూడు బోల్టులు కనిపిస్తాయి. అసలు పని చేసేది లోపలుండే వేలెడంత ముక్క. దాన్ని బుల్లెట్ అంటాం. రెండు వైపులా లోపలి కండక్టర్లను కలిపేది అదే. బుల్లెట్ పూర్తిగా దిగకపోయినా బయట ఫ్లాంజి నున్నగా మూసుకుంటుంది, తక్కువ పవర్‌లో రీడింగూ బాగానే వస్తుంది. నెల తిరిగాక విప్పి చూస్తే తెలుస్తుంది. వెండి పూత ముందు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది, తర్వాత నీలం, ఆ తర్వాత అంచు చుట్టూ నల్లటి ఉంగరం. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. ఆ దశకు వచ్చినదాన్ని గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టొద్దు, కొత్తది వెయ్యి. బిగించేటప్పుడు బుల్లెట్‌ను వేలితో నొక్కి, ఆగేదాకా దిగిందో లేదో చూడు. దాని స్ప్రింగు వేళ్ళలో ఒకటి వంగినా వాడొద్దు. ఓ-రింగు గాడిలో కూర్చుందా, గాడిలో ఇసుక రేణువు ఉందా అని టార్చి వేసి చూసుకుని, మూడు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించు.

ఇంకో పాత పద్ధతి ఉంది. పూర్తి పవర్‌లో రెండు గంటలు నడిపి, ఆపి, మెయిన్స్ తీసి తాళం వేశాక, ర్యాక్ నుంచి గోడ దాకా ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి చూసుకుంటూ వెళ్ళు. మిగతావాటికన్నా వేడిగా తగిలినదాన్ని విప్పి చూడాల్సిందే. నడుస్తుండగా చూడాలంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడు, చెయ్యి పెట్టొద్దు.

కేబుల్ గదిలోకి వచ్చే చోట కిందికి ఒక వంపు వదిలిపెట్టి, అప్పుడు లోపలికి తీసుకో. వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. పైన జాయింట్లకు రబ్బరు టేపు చుట్టేటప్పుడు కింది నుంచి పైకి చుట్టమను, పెంకులు కప్పిన వరసలో పొరలు పడతాయి.

ఫిల్టరు డబ్బా చూడగానే నాకు ఒక విషయం గుర్తొచ్చింది. ఫిల్టరు బిగించడం ఆలస్యమైతే, అది లేకుండానే రెండు రోజులు నడిపేద్దామని పైవాళ్ళు అనే ప్రమాదం ఉంది. ఒప్పుకోవద్దు. ఏ యాంప్లిఫయరైనా తన ఫ్రీక్వెన్సీతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు ఉన్నవీ ఎంతోకొంత పుట్టిస్తుంది. పాత అనలాగ్ 3వ ఛానల్ బొమ్మ 55.25 మెగాహెర్ట్జ్‌లో వెళ్ళేది. దాని రెట్టింపు 110.5. విమానం దిగేటప్పుడు రన్‌వే నడిమి గీత ఎక్కడుందో పైలట్‌కు చెప్పే లోకలైజర్లు పనిచేసేది 108 నుంచి 112 లోపల. 110.5 వాటిలో ఒకటి. మా ట్రాన్స్‌మిటర్‌లోని గుండ్రటి గొట్టాల ఫిల్టరు ఎవరి ప్రాణాలను కాపాడుతోందో మాకు ట్రైనింగులో మొదటి వారమే చెప్పారు. నీ ఫ్రీక్వెన్సీ వేరు, పక్కనున్న సర్వీసులు వేరు, బాధ్యత ఒకటే.

ఇక ఎర్త్. మన పాప్పిరెడ్డిపట్టి వైపు పార వేస్తే మూడడుగులకే రాయి తగులుతుంది. కొండ మీద ఇంకా ముందే తగులుతుంది. ఒక గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, పైపు దింపి ఎర్త్ అయిందనుకుంటే ఆ నేలలో చాలదు. నాలుగైదు గుంతలు దూరదూరంగా తీయించి, వాటిని రాగి పట్టీతో కలిపి కట్టించు. రాతి నేల అయితే బెంటొనైట్ వేయించు. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే ఒక ఓమ్ లోపు రావాలి. ఆ కొలత వానలు పడ్డ మర్నాడు తీస్తే అది నిన్ను మోసం చేస్తుంది, నడివేసవి కొలతే అసలు కొలత. టవర్ ఎర్తూ, గది ఎర్తూ, కరెంటు ఎర్తూ వేరువేరుగా వదిలేయకుండా ఒకదానితో ఒకటి కలపాలి. లేకపోతే పిడుగు పడ్డప్పుడు ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వేల వోల్టుల తేడా వచ్చి, అది నీ ర్యాక్ గుండానే సరిచేసుకుంటుంది. ఫీడర్ పై తొడుగును టవర్ కొసన, టవర్ మొదట్లో, గోడ దాటే ముందు, మూడు చోట్లా ఎర్త్ చెయ్యాలి. కొండ మీద కరెంటు లైనులో న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు. స్టెబిలైజర్ ఒక్కదానిమీదే భరోసా పెట్టుకోవద్దు, ఎక్కువ వోల్టేజీకి తెంచేసే రిలే కూడా ఉండాలని పట్టుబట్టు.

ఇప్పుడు మనిషి సంగతి. ఇది ముఖ్యం కాబట్టే నిదానంగా రాస్తున్నాను.

రామాయణం సీరియల్ వచ్చే రోజులు. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం పొద్దున బజార్లు ఖాళీ అయిపోయేవి. అప్పుడు నేను పెద్ద వాల్వులతో నడిచే ఒక కేంద్రంలో ఉన్నాను, ఊరి పేరు వద్దు. సీరియల్ మొదలైన కాసేపటికి గాలి చాలడం లేదని ఇంటర్‌లాక్ ట్రాన్స్‌మిటర్‌ను ఆపేసింది. ఫోన్లు మోగుతున్నాయి, గేటు దగ్గర జనం. మా జట్టులో ఒకాయన మంచి పనివాడు. చేతిలో వైరు ముక్క పట్టుకుని వచ్చి, గాలి స్విచ్చి రెండు కొనలూ కలిపేస్తే అరగంట లాగించెయ్యొచ్చన్నాడు. షిఫ్టు ఇంజనీరు ఆ వైరు తీసుకుని తన జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. బ్లోయర్ గది తెరిపించి చూస్తే, ఫిల్టరు నిండా పక్క పొలంలోని దూది పింజలు అట్ట కట్టి ఉన్నాయి. దులిపి పెట్టేసరికి గాలి వచ్చింది. ఫిలమెంట్లు వేడెక్కేదాకా ఆగి, బయాస్ చూసి, అప్పుడు హైటెన్షన్ ఇచ్చారు. సీరియల్‌లో మంచి భాగం పోయింది, జనం తిట్టారు. గాలి లేకుండా వేల వోల్టుల మీద ఆ వాల్వు అరగంట నడిచి ఉంటే దాని సెరామిక్ పగిలేది, బహుశా మంటలే లేచేవి. ఇంటర్‌లాక్ చెప్పినదాన్ని ముందు నమ్మి, తర్వాత కారణం వెతకాలని నాకు నేర్పింది ఆ షిఫ్టు ఇంజనీరే. మీ సాలిడ్ స్టేట్ యాంప్లిఫయర్‌లోనూ అదే లెక్క. నూటికి 30 వంతుల సామర్థ్యంతో 500 వాట్లు బయటికి పంపాలంటే దాదాపు 1,200 వాట్ల వేడి గదిలోకి వస్తుంది. గాలి ఫిల్టరు నెలనెలా కడగాలి. ఏసీ ఆగితే గది ఎంత వేగంగా కాగుతుందో మొదటి రోజే ఆపి చూసుకో.

తలుపు ఇంటర్‌లాక్ ఉన్నా, కరెంటు పోయిందని దాన్నొక్కదాన్నే నమ్మి చెయ్యి పెట్టకూడదు. మా వాల్వు ట్రాన్స్‌మిటర్లలో తలుపు తీయగానే మొదట చేసేది, కొక్కెం ఉన్న ఎర్త్ కర్రతో ప్రతి కెపాసిటర్ కొసనూ తాకడం. తాకి అక్కడే తగిలించి ఉంచేవాళ్ళం, పని అయ్యేదాకా తీసేవాళ్ళం కాదు. నీదాంట్లో ట్రాన్సిస్టర్లకు వెళ్ళేది 50 వోల్టులే. కానీ పవర్ సప్లయ్ లోపల 400 వోల్టుల డీసీ కెపాసిటర్లుంటాయి, మెయిన్స్ తీశాక కూడా అవి నిండుగా ఉండొచ్చు. కంపెనీ పుస్తకంలో ఎన్ని నిమిషాలు ఆగమంటే అన్ని నిమిషాలూ ఆగి, మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టు. 50 వోల్టులంటే షాక్ కొట్టదులే అని కొందరు ఉంగరంతో పని చేస్తారు. అక్కడ పదుల ఆంపియర్లు సిద్ధంగా ఉంటాయి. బంగారు ఉంగరం రెండు కొనల మధ్య పడితే ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు, అన్నీ ఇంట్లోనే తీసిపెట్టి వెళ్ళు. మీ అవ్వకు నేను చెబుతాను.

ఆర్ఎఫ్‌తో, అంటే రేడియో తరంగాలతో, కాలితే మామూలు షాక్‌లా చెయ్యి విదిలించేట్టు కొట్టదు. తెల్లటి చిన్న మచ్చ పడుతుంది, లోపల కండ కాలి ఉంటుంది, మానడానికి చాలా కాలం పడుతుంది. తెరిచి ఉన్న కేబుల్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. వేడిని మోసుకుపోయే రక్తం కంటి లెన్స్‌కు లేదు. 30 నుంచి 400 మెగాహెర్ట్జ్ మధ్య మన ఒళ్ళు ఆ తరంగాలను ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే అంతర్జాతీయ పరిమితి అక్కడ అన్నిటికన్నా కఠినంగా ఉంది, మామూలు జనానికి చదరపు మీటరుకు 2 వాట్లు, ఆ పని చేసేవాళ్ళకు 10 వాట్లు. నీ యూహెచ్ఎఫ్‌కు కాస్త ఎక్కువే ఒప్పుకుంటారు. అయినా యాంటెన్నా ముందు నిలబడితే ఆ హద్దు దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

అందుకని టవర్ ఎక్కే రిగ్గర్ విషయంలో మేం పాటించినదే నువ్వూ పాటించు. ట్రాన్స్‌మిటర్ ఆపి, మెయిన్ బ్రేకర్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి ఎక్కే మనిషి జేబులో పెట్టాలి. కింద ఎవరి దగ్గరా ఇంకో చెవి ఉండకూడదు. ఆయన దిగి, తన చేత్తో చెవి ఇచ్చేదాకా ఆ బ్రేకర్ ఎవరిదీ కాదు. ఆ టవర్ మీదే ఎఫ్ఎం వాళ్ళో మొబైల్ వాళ్ళో ఉంటే వాళ్ళకూ ముందుగా చెప్పి, వాళ్ళు ఆపారో తగ్గించారో కాగితం మీద తీసుకో. మా కాలంలో లేని అపాయం నీకు ఇంకొకటి ఉంది. ఆ యాంప్లిఫయర్‌ను బెంగళూరులో కూర్చుని కంప్యూటర్ మీద ఒక నొక్కుతో ఆన్ చెయ్యొచ్చు. తలుపు ముట్టుకునే ముందు స్విచ్చిని లోకల్‌కు తిప్పు, నెట్‌వర్క్ కేబుల్ పీకి పక్కన పెట్టు, ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పు. మూడూ చెయ్యి.

పరీక్షకు యాంటెన్నా బదులు పెట్టే పాత డమ్మీ లోడ్లలో, కొన్ని ఆర్ఎఫ్ ట్రాన్సిస్టర్లలో సున్నంలా తెల్లగా ఉండే సెరామిక్ ఉంటుంది. అది బెరీలియం ఆక్సైడ్ కావచ్చు. ముట్టుకుంటే ఏమీ కాదు. పగలగొట్టినా, ఆకురాయితో గీకినా లేచే దుమ్ము ఊపిరితిత్తులను జీవితాంతం పాడు చేస్తుంది. పాడైన ముక్కను సంచిలో మూసి, పేరు రాసి, కంపెనీకి పంపించు. ఆడుకోవడానికి పిల్లలకిచ్చే వస్తువు అది కాదని అక్కడి వాచ్‌మన్‌కు కూడా చెప్పు.

ఒంటరిగా లోపల చెయ్యి పెట్టొద్దు. ఎవరికైనా షాక్ కొడితే ముందు బ్రేకర్, తర్వాతే మనిషి. గుండె ఆగితే ఛాతీ నొక్కడం మీ ముగ్గురికీ వచ్చి ఉండాలి. కొండ మీదికి 108 అంబులెన్స్ రావడానికి సమయం పడుతుంది. నీళ్ళ బకెట్టు కాకుండా కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తలుపు పక్కన ఉంచు.

ఇవన్నీ అయ్యాకే ఆన్ చేసే పని. మొదట డమ్మీ లోడ్ మీద. పదో వంతు పవర్‌తో మొదలుపెట్టి, పావు, సగం, పూర్తి. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ముందుకు వెళ్ళే పవర్, వెనక్కి వచ్చే పవర్, హీట్‌సింక్ వేడి, ఫ్యాన్ వేగం రాసుకో. డమ్మీ లోడ్ మీద ఒక పగలూ ఒక రాత్రీ నడిపి, అప్పుడు యాంటెన్నాకు మార్చి, మళ్ళీ పదో వంతు నుంచే రా. వెనక్కి వచ్చే పవర్ నువ్వు అతికించిన గ్రాఫుతో సరిపోవాలి. ఎక్కువ చూపిస్తే మీటరు తప్పని అనుకోకు, పవర్ దించి కారణం వెతుకు. ఆ తర్వాత నడిపేవాళ్ళకు లాగ్‌బుక్ అలవాటు చెయ్యి. స్క్రీన్ అన్నీ గుర్తుపెట్టుకుంటుందని అంటారు, కానీ వెనక్కి వచ్చే పవర్ నెలలో రెండు వాట్లు పెరిగిందని పసిగట్టేది చేత్తో అంకె రాసినవాడే. ఒకసారి ట్రిప్ అయితే టైము రాసి, కారణం చూసి, రీసెట్ చెయ్యొచ్చు. రెండోసారి అయితే రీసెట్ నొక్కొద్దని ర్యాక్ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టు.

ఇంత పొడుగు ఉత్తరం ఎందుకంటే, ఈ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. అనలాగ్ ట్రాన్స్‌మిటర్లలో సరిహద్దుల్లాంటి ముఖ్యమైన చోట్ల ఓ యాభై ఉంచి, మిగతావన్నీ 2022 మార్చి 31 లోగా ఆపేస్తామని ప్రసార భారతి 2021 అక్టోబరులో ప్రకటించింది. కాలానికి అది తప్పదు. ఆ గదులతో పాటు మా చేతుల్లో ఉన్నదీ తాళం పడి ఉండిపోతుందేమోనని నాకు బెంగగా ఉండేది. నీ ఫోటోలు చూశాక ఆ బెంగ కొంత తీరింది.

టవర్ పని అయిన సాయంత్రమే ఆన్ చేద్దామని ఎవరన్నా ఒప్పుకోకు. అలసిన కళ్ళతో జాయింట్లు చూడలేం. మర్నాడు పొద్దున, కడుపు నిండా తిని మొదలుపెట్టండి. ఎర్త్ కొలతా, రిటర్న్ లాస్ గ్రాఫూ ఆన్ చేసే ముందే నాకు వాట్సాప్‌లో పంపు, ఎంత రాత్రయినా చూస్తాను. ఫ్లాంజి బుల్లెట్లు నాలుగు ఎక్కువ పట్టుకెళ్ళు, కొండ మీద అవి దొరకవు.

ఆశీస్సులతో,
మీ తాత